గీత పడని వాక్యాలు

మా చిన్నమ్మకి జబ్బు మొదలైనప్పుడు అందరికంటే ముందు సంతోషపడింది మా ఇంట్లోని కంప్యూటరు. దాని తరవాత చిక్కబళ్ళాపురం ప్రెస్సు యజమాని. ఆయన తరవాత మామ. మనిషి లోపల్నుంచి కొంచెం కొంచెంగా జారిపోతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు శభాష్ అన్నారు.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. బాగేపల్లి హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. చింతామణిలో మాతోనే ఉండేది. పొద్దున్నే చేలూరు మీదుగా పోయే బస్సెక్కి, సాయంత్రం అదే బస్సులో దిగేది. మా వైపు ఇంట్లో తెలుగు, బడిలో, సర్కారు కచేరీల్లో కన్నడ. ఇంగ్లీషు ఎవరికీ సొంతం కాదు, పదో తరగతిలో ఎలాగోలా దాటాల్సిన వాగు. ఆ వాగులో నిలబడి హాయిగా కాళ్ళు కడుక్కునే మనిషి నాకు తెలిసి చిన్నమ్మ ఒక్కతే.

ఆమె ఎర్ర ఇంకు పెన్ను ఎప్పుడూ కొప్పులో గుచ్చుకుని ఉండేది. ఒకసారి బస్సులో కునుకు పట్టి పక్కావిడ భుజం మీద తల వాల్చిందట. పెన్ను కారి ఆవిడ జాకెట్టంతా ఎర్రగా అయింది. ఆవిడ లేచి నిలబడి రక్తం, రక్తం అని ఒకటే కేకలు. డ్రైవరు బస్సు ఆపేశాడు. చిన్నమ్మ కళ్ళు తెరిచి, "రక్తం కాదమ్మా, ఇంగ్లీషు" అందట. అలాంటి మనిషి.

బడి పని కాక ఆమె ఏటా ఒక పుస్తకం రాసేది. పదో తరగతి పిల్లలకి ఇంగ్లీషు వ్యాసాల గైడు. రైలు ప్రయాణం, మా ఊరి సంత, పట్టుపురుగు, కైవారంలో ఒక రోజు, ఇలాంటివి. చిక్కబళ్ళాపురంలో ఒక చిన్న ప్రెస్సు దాన్ని అచ్చువేసి మూడు తాలూకాల్లో అమ్మేది. రాత చిన్నమ్మది, టైపు నాది. నాకప్పుడు పీయూసీ అయిపోయి, ఇంట్లో ఊరికే కూర్చుని పెళ్ళి మాటలు వింటుండే రోజులు. టైపు మిషను నన్ను కాపాడింది.

ఆ టైపు మిషను స్థానంలోకి కంప్యూటరు తెచ్చింది మామ, అంటే అమ్మకీ చిన్నమ్మకీ తమ్ముడు. బెంగళూరులో ఒక ఆఫీసులో పనిచేసేవాడు. వాళ్ళు పాత యంత్రాలు తీసేస్తుంటే ఒకటి అడిగి పుచ్చుకుని, బొంతలో చుట్టి, మార్కెట్టునుంచి తిరిగొచ్చే టమాటా లారీలో ఖాళీ బుట్టల మధ్య పెట్టి పంపించాడు. నల్లటి తెర, దాని మీద పచ్చటి అక్షరాలు. వారం తరవాత తానొచ్చి, జేబులోంచి ఒక ఫ్లాపీ తీశాడు.

"అక్కా, ఇది నీకి సవతి" అన్నాడు నవ్వుతూ. "నువ్వు రాసిందాంట్లో తప్పులు పట్టేది."

"నా రాతలోనా? దానికేమి పోయేకాలం?" అంది చిన్నమ్మ.

మామకి ఏదైనా తెలిస్తే అది మనకి చెప్పేదాకా అన్నం దిగదు. ఇళ్ళల్లో పెట్టుకునే కంప్యూటర్లు వచ్చిన కొత్తల్లోనే విదేశాల్లో ఇలాంటి ప్రోగ్రాములు అట్టపెట్టెల్లో పెట్టి అమ్మారట. పేరుకే వ్యాకరణం, మొదటివాటికి వ్యాకరణం ముక్క రాదు. అరిగిపోయిన మాటల పట్టిక ఒకటి వాటి దగ్గరుండేది. నువ్వు రాసినదాంట్లో వాటిలో ఏదైనా దొరికితే పట్టుకునేవి. వాక్యం మొదట్లో పెద్దక్షరం లేకపోయినా, కొటేషన్ తెరిచి మూయకపోయినా, ఒకే మాట పక్కపక్కన రెండుసార్లు పడినా చెప్పేవి. అంతే. ఆ కాలపు యంత్రాల బుర్రలో అంతకంటే పట్టదు. తరవాత వచ్చినవి కొంచెం ఎదిగి, ఏది కర్త, ఏది క్రియ అని విడదీసి చూడడం నేర్చుకున్నాయి. మాకొచ్చింది ఆ రెండో రకం.

మామ ఆఫీసులో జిరాక్సు తీయించిన దాని వివరాల పుస్తకం కూడా ఇచ్చాడు. చిన్నమ్మ దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. చదువుతూ చదువుతూ దాన్నే ఎర్ర ఇంకుతో దిద్దింది. చివరి పేజీల్లో ఒక చోట, మీరు రాసినదాని అర్థం ఈ ప్రోగ్రాముకి తెలియదు అని వాళ్ళే రాసి పెట్టారు. దాని కింద రెండు గీతలు కొట్టి నా ముందర పెట్టింది.

"చూడు పాపా, వాళ్ళే ఒప్పుకున్నారు. అర్థం తెలీకుండానే దిద్దుతాదంట ఇది. మా హెడ్‌మేష్ట్రు తమ్ముడేమో."

నేను నవ్వాను. ఆ గీతలు మాత్రం నాకు కళ్ళముందు ఇంకా ఉన్నాయి.

మొదటిసారి రైలు ప్రయాణం వ్యాసాన్ని దానికి ఇచ్చాం. గౌరిబిదనూరులో రైలెక్కి బెంగళూరు పోయే వ్యాసం. చిన్నమ్మ వాక్యాలంటే మామూలు వాక్యాలు కావు. గౌరిబిదనూరులో మొదలైన వాక్యం దొడ్డబళ్ళాపురం దాటినా ఆగేది కాదు. మధ్యలో జామకాయలమ్మే ముసలామె వస్తుంది, ఆమె కొడుకు సంగతి వస్తుంది, కిటికీలోంచి కనబడే కొండ వస్తుంది, అన్నీ వచ్చి చివరికి ఏ పొరపాటూ లేకుండా క్రియ దగ్గరికి చేరతాయి. యంత్రం ప్రతి వాక్యం దగ్గరా ఆగి మొత్తుకుంది. ఇది మరీ పొడుగు. ఇక్కడ కర్త కనబడడం లేదు. ఇది రెండు వాక్యాలు చేయండి. ఆఖర్న ఒక లెక్క చూపించేది, ఈ రచన అర్థం కావాలంటే చదివేవాళ్ళు ఏ తరగతి చదివి ఉండాలి అని. పన్నెండు అని చూపించింది.

"పదో తరగతి పిల్లోళ్ళకి పన్నెండో తరగతి ఇంగ్లీషా మేడమ్మా?" అన్నాడు ప్రెస్సు యజమాని, ఆ లెక్క విని. మంచివాడే. కానీ ఆయనకి పుస్తకమంటే కట్ట, కట్టంటే గోనెసంచి. "మా పక్క పిల్లోళ్ళు ఆవుల పాలు పిండి, డైరీకి పోసి, ఆమీట బడికొచ్చేటోళ్ళు. రవంత కిందికి దిగండమ్మా."

"నేను దిగేది లేదప్పా" అంది చిన్నమ్మ. "వాళ్ళే ఎక్కి వస్తారు. వచ్చినారు గదా ఇన్నేండ్లూ."

నిజంగానే వచ్చారు. బాగేపల్లిలో ఆమె దగ్గర చదివినవాళ్ళు ఇప్పటికీ ఎక్కడైనా కనబడి ఆ వాక్యాలు ఊపిరి తీయకుండా అప్పజెబుతారు. చిన్నమ్మ అంటే ఆ వాక్యాలే. అవి ఉన్నంతకాలం ఆమె ఉన్నట్టు. అవి పోతే ఇక ఆమె ఎక్కడుంటుంది?

రెండు మూడేళ్ళు ఆ యంత్రంతో ఆమె పోట్లాట మాకు సినిమా. సాయంత్రం బస్సు దిగి, ముఖం కడుక్కుని, కాఫీ గ్లాసుతో వచ్చి నా వెనక కూర్చునేది. యంత్రం ఏదో ఒకటి అనేది, ఈమె తిరిగి అనేది. "నీ మొగం, అది కర్త కాక ఇంకేమి?" అమ్మ వంటింట్లోంచి కేకేసేది, "యంత్రంతో జగడమేంటికే, పిచ్చిదానా" అని. ఆ పిచ్చి అనే మాట మేము ఎంత తేలిగ్గా వాడుకున్నామో అప్పట్లో.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను. ఒక ఏడు పట్టుపురుగు వ్యాసం దగ్గర యంత్రం ఎక్కువసార్లు ఆగలేదు. తరగతి లెక్క తొమ్మిది దగ్గర నిలబడింది. "ఏమక్కా, భయపడి దారికొచ్చినాదా?" అని మామ యంత్రాన్ని చూసి నవ్వాడు. చిన్నమ్మ కూడా నవ్వింది. మరుసటి ఏడు ఆరు. ప్రెస్సు యజమాని ఆనందం చూడాలి. స్వయంగా చింతామణికి వచ్చి, ఒక కేజీ మైసూరుపాకు పెట్టి పోయాడు.

"నా మాట విని దిగినారు గదమ్మా, శానా సంతోషం. పిల్లోళ్ళు ఊదేస్తారు."

చిన్నమ్మ ఆయన వైపు తిరిగింది. "నేను దిగినానా?" అంది. ఆయన అది పెద్దమనిషి తరహా అనుకున్నాడు. నాకు మాత్రం ఆ గొంతు నచ్చలేదు. అది నిజంగా అడుగుతున్న గొంతు.

ఆ ఏడు గైడు అట్ట మీద ఆయన కొత్తగా ఒక ముక్క వేయించాడు. కంప్యూటరులో పాసైన వ్యాసాలు అని, ఎర్రటి చుక్కలో. మా వైపు దేనికైనా పాసు ఫెయిలు ఉండాలి. అది పరీక్ష పెట్టే యంత్రం అని అందరూ అనుకున్నారు. లెక్క ఎంత తగ్గితే అంత మంచి మార్కు అని అనుకున్నారు. పుస్తకం అంతకుముందుకంటే బాగా పోయింది. ఎవడండీ దానికి అడ్డం చెప్పేది?

నేను టైపు చేసేదాన్ని కదా, నాకు తెలియలేదా అని మా అమ్మాయి ఒకసారి అడిగింది. టైపు చేసేవాళ్ళకి అర్థం కళ్ళలోంచి వేళ్ళలోకి పోతుంది, మధ్యలో ఎక్కడా ఆగదు. పేజీ అయిపోయాక ఏం కొట్టావంటే చెప్పలేం. అయినా నాకు ఒకటి తెలిసేది. వేళ్ళు అలిసిపోవడం లేదు. చిన్నమ్మ పాత వాక్యం కొడితే మధ్యలో ఊపిరి కావాలనిపించేది. ఇప్పుడు ప్రతి అరలైనుకీ చుక్క. చుక్క, చుక్క, చుక్క. రైలు వచ్చింది. నేను ఎక్కాను. కిటికీ ఉంది. కొండ ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం సంత వ్యాసం కొట్టి యంత్రానికి ఇచ్చాను. ఎక్కడా ఆగకుండా చివరికి పోయి, తప్పులు లేవు అని చూపించింది. చిన్నమ్మ నా వెనక కాఫీ గ్లాసు పట్టుకుని ఉంది.

"ఏమీ అన్లేదా?"

"లేదు చిన్నమ్మా. పాస్."

"మళ్ళా నడిపించు."

నడిపించాను. మళ్ళీ అదే. ఇంకోసారి అంది. నేను విసుక్కున్నాను. ఆమె నన్ను పక్కకి జరిపి తానే కూర్చుంది. ఎప్పుడూ తాకని మనిషి, మీటల మీద ఒక్కొక్క వేలే పెట్టి నొక్కింది. తెర మీద అదే మాట. చిన్నమ్మ తెర అంచుని అరచేత్తో కొట్టింది.

"తిట్టవే. ఏమన్నా అను. ఇన్నేండ్లు తిట్టినావు గదే నన్ను."

నేను నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆపేశాను. కొప్పులోంచి పెన్ను తీసి చేతిలో పట్టుకుని ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. భయపడుతోంది. నా జీవితంలో చిన్నమ్మ భయపడడం అదే మొదటిసారి చూశాను. ఆమెకి తెలుసు. మా అందరికంటే ముందే తెలుసు. ఆ ఇంట్లో తన తప్పు పట్టగలిగేది ఇంకెవరూ లేరు గనక, చచ్చినట్టు ఆ యంత్రాన్నే అడిగింది. అది పాస్ అంది.

వర్షాలకి ముందు మా చింతామణిలో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలియని రోజులవి. ఆ ఏటి గైడు అప్పటికే ప్రెస్సుకి పోయింది. ఒక వ్యాసం చాలలేదని, పేజీలు నింపడానికి ఇంకొకటి కావాలని యజమాని కబురంపాడు. చిన్నమ్మ రాసి ఇచ్చింది. కరెంటు లేదు. కంప్యూటరు లేదు. సరే, కరెంటు వచ్చేలోగా అక్షరాలు సరిగ్గా పోల్చుకుందామని వీధి గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాను. చిన్నమ్మ పక్కనే గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని వింటోంది.

రైలు ప్రయాణం. గౌరిబిదనూరులో రైలెక్కాను. అమ్మ టిఫిను డబ్బా ఇచ్చింది. కొండ కనబడింది. రైలు ఆగింది. అది గౌరిబిదనూరు. అమ్మ స్టేషనులో నిలబడి ఉంది. అమ్మ టిఫిను డబ్బా ఇచ్చింది. రైలెక్కాను. కొండ కనబడింది.

ఆ అమ్మ, అంటే మా అవ్వ, నేను పుట్టకముందే పోయింది.

ఒక్క వాక్యంలోనూ తప్పు లేదు. అన్నీ కడిగిన గిన్నెల్లా ఉన్నాయి. వరసగా పెట్టి చూస్తే అందులో వండినది ఏమీ లేదు. రైలు తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది, చచ్చిపోయిన మనిషి డబ్బా పట్టుకుని నిలబడి ఉంది, నేను ఇలాంటివి ఎన్ని కొట్టానో, ఎన్ని అచ్చుకి పోయాయో.

చిన్నమ్మ కళ్ళు తెరిచింది.

"బాగుండాది" అంది. "ఎవురు రాసినారు?"

నేను కాగితం వదిలేశాను. "నువ్వే గదా చిన్నమ్మా, పొద్దున" అన్నాను. ఆమె నా వైపు చూసి, మర్యాదగా, బస్సులో తెలియనివాళ్ళని చూసి నవ్వినట్టు నవ్వింది. నేను లోపలికి పరుగెత్తి అమ్మని పట్టుకుని ఏడ్చేశాను.

మామ బెంగళూరునుంచి వచ్చాడు. విన్నాడు. ఏం చేశాడో తెలుసా? ఆ కాగితం నాతో టైపు చేయించి యంత్రానికి ఇచ్చాడు. తప్పులు లేవు. తరగతి రెండు.

"చూడు, ఏమీ లేదు. అలిసిపోయిండాది అంతే. బస్సులో తిరిగి తిరిగి."

"మామా, అది అర్థం చదవదు!" అని అరిచాను. ఇంట్లో మగవాళ్ళ ముందు నేను గొంతెత్తింది అప్పుడే. "దానికి అర్థం తెలీదని దాని పుస్తకంలోనే రాసిండారు. చిన్నమ్మ రెండు గీతలు కొట్టి పెట్టింది. పోయి చూడు!" మామ తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. అక్క చేతిలో పెరిగినవాడు. ఆ తెర మీది మాట నిజం కావాలని ఎంత కోరుకున్నాడో ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు మాత్రం దాన్ని ఎత్తి బావిలో వేద్దామనిపించింది.

బెంగళూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడించింది, బొమ్మలు గీయించింది, తలకి ఫోటో తీయించింది. మరుపు జబ్బు అంది. ఇంకా ముందే తెలిస్తే ఏమన్నా చేసేవాళ్ళా అని అమ్మ అడిగింది. పెద్దగా ఏమీ ఉండదమ్మా అందావిడ. ఆ మాట మాకు ఊరటో శిక్షో అర్థం కాలేదు. బయటికి వస్తూ డాక్టరమ్మ నా వైపు చూసి, మీ వైపు పెద్దవాళ్ళలో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. తెలియదన్నాను.

గైడు ఆపడానికి చిక్కబళ్ళాపురం పోయాం. అప్పటికే కట్టలు బయటికి పోయాయి. ఒకే రైలు వ్యాసం వేరువేరు పేర్లతో ఆ పుస్తకంలో మూడు చోట్ల ఉంది. ఏదో ఒక ఊళ్ళో ఎవరో ఒక టీచరు అడుగుతారని చూశాం. ఎవరూ అడగలేదు. అట్ట మీద ఎర్ర చుక్క ఉంది కదా. పిల్లలు బట్టీ పట్టారు, సులభంగా ఉందని ఇష్టంగా పట్టారు. ఆ ఏడు పరీక్షల ముందు మంచేనహళ్ళి చుట్టాలింటికి పెళ్ళికి పోతే, వాళ్ళ పిల్ల పెరట్లో అటూ ఇటూ తిరుగుతూ గట్టిగా చదువుతోంది. రైలు ఆగింది, అది గౌరిబిదనూరు, అమ్మ స్టేషనులో నిలబడి ఉంది. పట్టపగలు, పందిరి నిండా జనం. నేను తలనొప్పి అని చెప్పి భోజనం చేయకుండానే వచ్చేశాను.

చిన్నమ్మ ఎలాంటి మనిషో చెప్పాలంటే ఒకటి చెప్పాలి. ఆమె ఎర్ర ఇంకు పెన్ను ఎప్పుడూ కొప్పులో గుచ్చుకుని ఉండేది. ఒకసారి బస్సులో కునుకు పట్టి పక్కావిడ భుజం మీద తల వాల్చిందట. పెన్ను కారి ఆవిడ జాకెట్టంతా ఎర్రగా అయింది. ఆవిడ రక్తం, రక్తం అని ఒకటే కేకలు. డ్రైవరు బస్సు ఆపేశాడు. చిన్నమ్మ కళ్ళు తెరిచి, "రక్తం కాదమ్మా, ఇంగ్లీషు" అందట.

ఆ ఇంగ్లీషే ముందు పోయింది. తరవాత కన్నడ. బడికి పోవడం మానేశాక ఏడాదికల్లా పక్కింటి కన్నడావిడ పలకరిస్తే నా ముఖం చూసేది, ఏమంటోంది అని. తెలుగు చాలాకాలం నిలిచింది, అది కూడా చిన్నపిల్లల తెలుగు. అన్నం. నీళ్ళు. అమ్మ యాడ. పెన్ను మాత్రం వదల్లేదు. ఇంట్లో కాగితం ఏది కనబడినా, పేపరైనా, కరెంటు బిల్లైనా, పెళ్ళి శుభలేఖైనా, ముందర పెట్టుకుని ఎర్రటి టిక్కులు కొట్టేది. లైను లైనుకీ ఒక టిక్కు. ఒకప్పుడు ఆమె చేతిలో కాగితం ఎర్రగా అయిందంటే అన్నీ కొట్టివేతలే.

"ఏమి చిన్నమ్మా, ఒక్క తప్పూ లేదా?" అని అడిగాను ఒకరోజు, పలకరింపుగా.

"లేదు పాపా" అంది, చల్లగా. "అన్నీ కరెక్టే."

ఆమె ఆ తరవాత మాటలు పూర్తిగా మానేసి, మానేసిన కొన్నాళ్ళకి పోయింది. పోయిన రోజు ప్రెస్సు యజమాని వచ్చి వరండాలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన మీద కోపం నాకు అక్కడితో పోయింది. యంత్రం మీద పోలేదు.

ఇప్పుడు నేను చిక్కబళ్ళాపురంలో ఉంటున్నాను. మా ఆయన పోయాక మా అమ్మాయి నాతోనే ఉంటూ, ఇంటినుంచే బెంగళూరు కంపెనీ పని చేస్తుంది. నేను ఒక ప్రైవేటు బడికి ఇంగ్లీషులో రాసిపెట్టే పని చేస్తాను, వార్షికోత్సవం నివేదికలు, తల్లిదండ్రులకు పంపే సమాచారం, అలాంటివి. ఫ్లాపీలు పోయాయి. ఇప్పుడా తప్పులు పట్టేది ప్రతి కిటికీలోనూ ముందే కూర్చుని ఉంటుంది. అడగకుండానే గీత గీస్తుంది, అడగకుండానే ఇంకా చిన్నది చేయనా అంటుంది. నాకు ఒళ్ళు మండుతుంది. చిన్నమ్మ పోయినప్పటినుంచీ కావాలనే పొడుగాటి వాక్యాలు రాస్తాను. కింద గీతలు పడితే నాకు ధైర్యంగా ఉంటుంది. గీతలున్నాయంటే నేను ఉన్నట్టే అని ఎప్పుడో లోలోపల లెక్క వేసుకున్నాను.

పోయిన నెల బడి నివేదిక ఒకటి రాసి, చూసిపెట్టమని మా అమ్మాయికి ఇచ్చాను. చూసి మెచ్చుకుంది.

"అమ్మా, ఈ మధ్య నీ ఇంగ్లీషు శానా క్లీన్‌గా ఉండాది. ఒక్క గీత కూడా లేదు."

నా చేతిలో ఉన్న చిక్కుడుకాయలు గిన్నెలో పెట్టేశాను. ఏమైందమ్మా అంది. ఏమీ లేదన్నాను. చిన్నమ్మకి మొదలైన వయసు ఇదే.

అందుకే ఇదంతా తెలుగులో రాశాను. ఈ ల్యాప్‌టాప్‌కి మన తెలుగు రాదు. ప్రతి మాట కిందా ఎర్ర గీత కొడుతుంది, ఏ మాటనీ పాస్ చేయదు. పేజీ పేజీ అంతా ఎర్రగా ఉంటే చిన్నమ్మ దిద్దినట్టే ఉంది. రాస్తున్నంతసేపూ నాకు హాయిగా అనిపించింది. ఇంతవరకూ రాసి, నిన్న మధ్యాహ్నం మా అమ్మాయిని కూర్చోబెట్టి, పైకి చదువు, నేను వింటాను అన్నాను. ఎందుకో చెప్పలేదు. చదివేటప్పుడు వినాలి. యంత్రాన్ని నమ్మకూడదు. అంతే నేను నేర్చుకున్నది.

నేను గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. బాగా చదువుతుంది. టమాటా బుట్టల దగ్గర నవ్వింది. గుమ్మం దగ్గర రైలు వ్యాసం వచ్చినప్పుడు గొంతు తగ్గించింది. నాకు ప్రతి మాటా నాదేనని తెలుస్తోంది. ఇంకేం, బాగానే ఉన్నాను అనుకున్నాను. మంచేనహళ్ళి పెళ్ళి అయింది. తరవాత చిన్నమ్మ, ఎర్ర పెన్ను, బస్సు. నేను రక్తం కాదమ్మా అనే మాట కోసం ముందే నవ్వుతూ ఉన్నాను.

మా అమ్మాయి ఆపేసింది.

"అమ్మా, ఈ బస్సు కత మొదట్లోనే చెప్పినావు గదా."

"యాడ?" అన్నాను.

ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, పైకి జరిపి చూపించింది. ఉంది. కిందికి జరిపింది. అక్కడా ఉంది. ఇంచుమించు మాటకి మాట. రెండిటి కిందా ఒకే రకం ఎర్ర గీతలు. మొదటిది నేను రాసిన సంగతీ, ఇందాక ఆమె చదవగా విన్న సంగతీ నాకు గుర్తు లేదు.

ఆమెకింకా ఏమీ అర్థం కాలేదు. మౌస్‌తో ఆ రెండోదాన్ని పట్టుకుని, "తీసేయనా?" అంది.

"తీయొద్దు" అన్నాను. "అట్లే ఉండనీ. డాక్టరుకి చూపించల్ల."